పటంలో పుర్రచెయ్యి

ఏ బొమ్మ చూసినా నేను ముందుగా చేతులు చూస్తాను. మొఖం తర్వాత. గోడమీది క్యాలెండరులో దేవుణ్ణి చూసి అందరూ దండం పెట్టుకుంటుంటే, ఆయన ఏ చేత్తో ఏం పట్టుకున్నాడో చూస్తూ నిలబడిపోతాను. మా పిల్లలకు ఇదొక నవ్వులాట. నవ్వుకోనీ. ఈ అలవాటు నాకు ఏ బడిలోనూ రాలేదు. యాభైల నాడు, నాకు ఎనిమిదో తొమ్మిదో ఏళ్లున్నప్పుడు, మా ఊరి బజార్లో రెండు కర్రల మధ్య వేలాడిన ఒక పాత బట్ట ముందు కూర్చుని తెచ్చుకున్నాను.

మా ఊరు పోచంపల్లికి దగ్గర. అక్కడిలాగే మా ఊళ్లోనూ ఇంటింటికీ మగ్గం ఉండేది. ఇల్లంటే మగ్గం పోగా మిగిలిన జాగా. పొద్దున లేస్తే పోగుల మధ్య ఆడే నాడె చప్పుడు, పొద్దుగూకినా అదే చప్పుడు. ఆ చప్పుడు ఆగిందంటే ఊళ్లో ఎవరైనా పోయి ఉండాలి, లేదా కూనపులివాళ్లు వచ్చి ఉండాలి.

కూనపులివాళ్లు మా సాలెవాళ్లకు మాత్రమే కథ చెప్పుకుని బతికేవాళ్లు. వాళ్లు చెప్పేది మా కథే. దేవతలకు కట్టుకోను బట్ట లేనప్పుడు తామర తూడుల నుంచి దారం తీసి బట్ట నేసిన మా మూలపురుషుడి కథ. ఆయన పులినెక్కి రాక్షసుడితో కొట్లాడి, సూర్యుని బిడ్డను పెండ్లాడతాడు. ఆ కథంతా ఒక పొడుగాటి బట్టమీద బొమ్మలుగా రాసి ఉండేది. దాన్నే పటం అంటారు. నాలుగైదేళ్లకొకసారి వాళ్లు ఊళ్లోకి వచ్చి, బజార్లో రెండు కర్రలు పాతి, పటాన్ని వేలాడదీసి, చుట్ట విప్పుకుంటూ కొన్ని రోజులపాటు కథ చెప్పేవాళ్లు. బొమ్మలు కనబడాలి కాబట్టి ఎండ ఉన్నంతసేపే కథ. బువ్వలు తిని మగ్గాలు ఆపి కూర్చుంటే, వెలుగు తగ్గేదాకా లేచేవాళ్లు కాదు.

కథ చెప్పే పెద్దాయన అరవై దాటినవాడు. ఒక్క కాలికే గజ్జెలు కట్టేవాడు. చేతిలో సన్నటి బెత్తం. ఆడమనిషి మాట్లాడే చోట భుజంమీది కండువా నెత్తిన వేసుకునేవాడు, అంతే, ఇంకేం వేషం లేదు. ఆ కండువా కింద నుంచి వచ్చే గొంతు విని మా ఇంటి పక్కామె కండ్లు తుడుచుకునేది. ఆయన తమ్ముడు మద్దెల వాయించేవాడు. పాట ఆ బొమ్మ దాకా రానిదే పెద్దాయన బెత్తం దానిమీద పెట్టేవాడు కాదు. నాకు అదే పెద్ద విడ్డూరం. అందరం బొమ్మను చూస్తూనే ఉన్నాం, కానీ ఆయన బెత్తం తగిలాకనే అది కదిలినట్టయ్యేది. చెప్పబోయే కథ కింద చుట్టలో ఉండేది. ఆ చుట్టలో ఏముందో చూద్దామని నేను ఒకసారి నేలమీద వెల్లకిలా పడుకుని కింది నుంచి తొంగిచూస్తే మద్దెల ఆయన కాలితో మెల్లగా పక్కకు జరిపాడు.

బొమ్మల ముందు కూర్చున్నవాళ్లు ఎక్కడైనా బొమ్మల్ని చూస్తారు. మావాళ్లు బొమ్మలు కట్టుకున్న బట్టల్ని చూసేవాళ్లు. సూర్యుని బిడ్డ పెండ్లికూతురై వస్తుంటే ఆమె మొఖం ఎట్లుందో ఎవరికీ పట్టదు. ఆ కొంగుమీది చుక్కలు దారం కట్టి అద్దినవా, నేతలో వచ్చినవా అని మా మేనత్త అడుగుతుంది. అంత పెద్ద అంచు అంత పలచటి చీరె మీద నిలవదని మా బాపు అంటాడు. రాక్షసుడి ధోవతి మీది గళ్లు బాగున్నాయని ఇంకొకరు. యుద్ధంలో మనుషులు చస్తుంటే వీళ్లు గళ్ల లెక్క మాట్లాడుకునేవాళ్లు. కూనపులివాళ్లు వెళ్లిపోయాక ఆ గళ్లు ఎవరో ఒకరి మగ్గంమీద తేలేవి. పటం వచ్చిన ఏడు ఊళ్లో ఆడపిల్లలందరికీ బొమ్మల వెనకుండే పటం నేల రంగు, ఎర్రటి పరికిణీలే. మాకు అదే ఫ్యాషను. పట్నం నుంచి రాలేదు, పటం నుంచి వచ్చింది.

ఆ ఏడు వచ్చినప్పుడు పటం బాగా పాతబడి ఉంది. మడతల దగ్గర రంగు పెచ్చులుగా రాలుతోంది. పటం పాతబడితే పారేయరు. మనిషి పోతే చేసినట్టే చేసి, తీసుకుపోయి కృష్ణలో కలుపుతారు. ఇదే దాని ఆఖరి కథ అనీ, కొత్త పటానికి కావలసిన బట్ట మా ఊరే నేసి ఇవ్వాలనీ పెద్దాయన మొదటిరోజే చెప్పాడు. కులపెద్ద సరేనన్నాడు. బట్ట నేసే పని మా తాతకు అప్పజెప్పారు. ఆ మాట వినగానే అందరికంటే ఎక్కువ కలత పడ్డది మా అవ్వ.

అవ్వ సంగతి చెప్పాలి. ఆమెది ఎడమచేతి వాటం. మా దిక్కు ఎడమచేతిని పుర్రచెయ్యి అంటారు. రాట్నం ఎవరైనా కుడిచేత్తో తిప్పి ఎడమచేత్తో దారం పట్టుకుంటారు. అవ్వ చక్రాన్ని ఎడమచేత్తో తిప్పేది. ఆమె చుట్టినంత గట్టి నూలు కండె ఊళ్లో ఎవరూ చుట్టలేరని తాతే అనేవాడు, అదీ ఆమె లేనప్పుడు. కానీ కాపురానికి వచ్చిన కొత్తలో ఆమె అత్త ఆ చేతికి గుడ్డ చుట్టి కట్టేసిందట. కుడిచెయ్యి అలవాటు కావాలని. గుడ్డ కట్టినన్నాళ్లు అవ్వ కండెలు వదులుగా వచ్చి, మగ్గంమీద దారం చిక్కుపడి, చివరికి మామే విప్పించాడట. పనికి ఆ చెయ్యి కావాలి. శుభానికి మాత్రం వద్దు. పెండ్లిళ్లలో అవ్వ ఎవరికీ బొట్టు పెట్టేది కాదు. కుడిచేత్తో పెడితే వంకర పోతుంది, ఎడమచేత్తో పెడితే ఊరుకోరు. ఎందుకొచ్చిన గొడవని వెనక నిలబడి మా అమ్మను ముందుకు తోసేది.

ఆ అవ్వకు పటంలో ఒక బొమ్మ ఉంది. పెండ్లి బట్ట కోసం ఆడవాళ్లంతా నూలు సిద్ధం చేసే చోట, ఒక మూలన ఒకామె కూర్చుని ఎడమచేత్తో రాట్నం తిప్పుతుంటుంది. అది తనేనని అవ్వ నమ్మకం. ఆ పాత పటం రాసే ముందు, బొమ్మలు రాసే నకాశాయన కూనపులివాళ్లతో కలిసి మా ఊరికి వచ్చాడట. వాకిట్లో రాట్నం ముందు కూర్చున్న అవ్వను చూసి, మాట్లాడకుండా, చాలాసేపు నిలబడ్డాడట. మళ్లీ కూనపులివాళ్లు వచ్చినప్పుడు ఆ పటం తెచ్చారు. అందులో ఆమె ఉంది. అవ్వ ఈ మాట తాతకు, ఆ ఏడు నాకు తప్ప ఎవరికీ చెప్పుకోలేదు. తాత నవ్వాడు.

"నీ బొమ్మ గాదు నీ బొంద గాదు," అనేవాడు. "గా నకాశాయనకు లోకంల నువ్వొక్కదానివే కనబడ్డవా?"

నాకు మాత్రం అవ్వ ఆ మాట చెప్పిననాటి నుంచీ నిద్ర పట్టలేదు. మా అవ్వ పటంలో ఉందా? ఉంటే ఆ చీరె అవ్వ దగ్గర ఉండేదా? ముక్కుపుల్ల ఏ పక్క? అవ్వ మొఖాన్ని నేను అన్ని దిక్కుల నుంచీ చూసేదాన్ని. అవ్వ విసుక్కునేది. ఆ బొమ్మ చివరి రోజుల్లో గానీ విప్పరని తెలిసి, అప్పటిదాకా ఉన్న బొమ్మలన్నిటినీ ఊరికే చూడకుండా, ఇంటికొచ్చి వాటిలాగా నిలబడి చూసేదాన్ని. రాజులాగా, భటుడిలాగా, పులిలాగా. ఎటు మొఖం పెట్టారో అటే మొఖం పెట్టి, చేతులు అట్లాగే పెట్టి. పులిమీద కూర్చుని బాణం వేసే మా మూలపురుషుణ్ణి పట్టడానికి మాత్రం ఎందుకో అవస్థ పడ్డాను. చేటను పులి చేసుకుని, పుల్లను విల్లు చేసుకుని ఎన్నిసార్లు కూర్చున్నా చేతులు కుదరలేదు. ఎందుకు కుదరటం లేదో తెలుసుకున్నాక అమ్మకు చెప్పబోయాను. పొయ్యి దగ్గర ఉన్న అమ్మ, పులి సంగతి తర్వాత, ముందు చేట ఇటియ్యమంది.

నూలు బొమ్మ విప్పే రోజు వచ్చింది. అవ్వ పెట్టెలోంచి నల్లంచు చీరె తీసి కట్టుకుంది. ఎప్పుడూ వెనక కూర్చునే మనిషి ఆ రోజు నన్ను పట్టుకుని ముందు వరుసలోకి వచ్చింది. పెద్దాయన చుట్ట విప్పాడు. పెండ్లి పందిరి, అరటి చెట్లు, నూలు పట్టుకుని నిలబడ్డ ఆడవాళ్లు, ఆ మూలన ఆమె. మొఖంమీది రంగు కొంత పోయింది. చెయ్యి మాత్రం బాగుంది. పసుపు రంగు చెయ్యి, నిండా గాజులు, చక్రం మీద. అవ్వ నా భుజం గట్టిగా పట్టుకుంది. నేను ముక్కుపుల్ల కోసం చూశాను. ముక్కు ఉన్న చోట పెచ్చు ఊడిపోయి ఉంది.

పాట అయిపోయి పెద్దాయన నీళ్లు తాగుతుంటే అవ్వ లేచి నిలబడింది. అంతమందిలో ఆమె గొంతు వినడం నాకు అదే మొదలు.

"అయ్యా, కొత్త పటంల గీమెను గిట్లనే ఉంచమని చెప్పు," అంది. "చెయ్యి మార్చొద్దను."

ఎందుకని పెద్దాయన మర్యాదగానే అడిగాడు. అవ్వ బొమ్మలోని ఆ చేతిని చూపించి, "గది నేనే," అంది.

ఆడవాళ్లలో గుసగుసలు లేచాయి. నవ్వినవాళ్లూ ఉన్నారు. కులపెద్ద, అవ్వకు మరిది వరుస, ముందుకు వంగి ఆ బొమ్మను మొదటిసారి పరీక్షగా చూశాడు. అంతకుముందు ఎన్ని కథలు విన్నాడో, ఎన్నిసార్లు ఆ బొమ్మ ముందు కూర్చున్నాడో. ఎవరి కంటా పడని చెయ్యి అవ్వ చూపించాక అందరి కంటా పడింది.

"వదినే, నువ్వు చెప్పేదాంక నేను చూడనే లేదు," అన్నాడు. "పెండ్లి బట్టకు పుర్రచేత్తోని నూలు చుట్టుడేంది? అయ్యా, కొత్త దాంట్ల సక్కగ రాయమను."

పెద్దాయన తలూపాడు. బట్ట ఇచ్చే ఊరు చెప్పిన మాట, కాదనలేడు. అవ్వ అట్లా నిలబడే ఉంది, ఎడమచెయ్యి కొంగులో దాచుకుని. ఇంట్లో పెద్దమనుషులొచ్చినప్పుడు అట్లాగే దాచుకునేది. ఎవరో ఒకరు ఏదో ఒకటి అంటారనుకున్నాను. తాత బీడీ వెలిగించుకున్నాడు.

నేను అవ్వను కాపాడాలని అడిగానని తర్వాత మా ఇంట్లో అందరూ చెప్పుకున్నారు. అది నిజం కాదు. చేట మీద కూర్చున్నప్పటి నుంచీ నన్ను తొలుస్తున్న సంగతి, అప్పుడు దారి దొరికి బయటపడింది, అంతే.

"మరి పులి మీది అయ్యది గూడ మారుస్తరా, తాతా?" అన్నాను కులపెద్దతో.

"ఆయన చెయ్యికేమైంది?"

"ఆయన గూడ పుర్రచేత్తోనే నారి గుంజుతుండు."

అమ్మ వెనక నుంచి నా జబ్బ గిల్లింది. కులపెద్దకు కోపం వచ్చింది. పిల్లకేం తెలుసన్నాడు. చూద్దాం, చూద్దామని ఇద్దరు ముగ్గురు లేచారు. మావాళ్లు నేతలో తప్పు ఉందంటే చూడకుండా ఆగలేరు. పెద్దాయన, ఆయన తమ్ముడు కలిసి పైన చుట్టిన పటాన్ని మళ్లీ కిందికి దించారు. యుద్ధం వచ్చింది. పులి వచ్చింది. నన్ను నిలబెట్టి, బొమ్మ మొఖం పెట్టిన దిక్కే నా మొఖం పెట్టించి, చేతులు అట్లాగే పెట్టమన్నారు. నేను పెట్టాను. కుడిచెయ్యి ముందుకు చాపి విల్లు, ఎడమచెయ్యి వెనక్కి గుంజిన నారి. ఇక చూడాలి. ఊరంతా పటం మీద పడింది. ఆయనలాగే అటు తిరిగిన భటులందరి కత్తులూ ఎడమచేతిలోనే. అటు తిరిగి హారతిపళ్లెం పట్టుకున్న ఆమెదీ అదే చెయ్యి. ఇటు తిరిగినవాళ్లది కుడిచెయ్యి. చిన్నప్పటి నుంచీ చూస్తున్న పటం ముందు అందరూ కొత్తవాళ్లయిపోయి, ఇదిగో ఇక్కడొకడు, అదిగో అక్కడొకడు అని వెతుక్కుంటున్నారు.

పెద్దాయన నవ్వుతూ బెత్తం ఎత్తాడు. "పనిచేసే చెయ్యి చూసేటోళ్లకు కనబడాలె. గందుకే కథ అటు దిక్కు నడిస్తే మొఖం అటు తిప్పుతడు, ఈ పక్క చెయ్యి ముందుకొస్తది," అన్నాడు. "నకాశాయన రాత గంతే, అయ్యా. గీమెను మారిస్తే అందర్ని మార్చాలె. మొదలు పులినే మలుపాలె."

పులిని ఇటు దిక్కుకు మలపడమంటే యుద్ధం మొత్తం మలపాలి. రాక్షసుడు ఎటు పోవాలి? కులపెద్ద కాసేపు గడ్డం గోక్కున్నాడు. ఆయన చెడ్డవాడేం కాదు, మాట వెనక్కి తీసుకోవడం మాత్రం ఆయనకు చేతకాదు. ఉన్నది ఉన్నట్టే రాయమను, పురాతనంగా వస్తున్నదాన్ని మనమెందుకు చెడగొట్టాలె అని, తనే మొదటి నుంచీ ఆ మాట అంటున్నట్టు అన్నాడు. కథ మళ్లీ మొదలైంది.

నేను గెలిచినంత సంబరంగా కూర్చున్నాను. కాసేపటికి అవ్వ చెయ్యి నా భుజంమీద లేదని తెలిసింది. తిరిగి చూస్తే ఆమె పటం చూడటం లేదు. అప్పుడు నాకు అర్థమయింది. చెయ్యి నిలిచింది. కానీ అటు తిరిగినవాళ్లందరిదీ ఎడమచెయ్యే అయితే, ఆ మూలన కూర్చున్నామె మా అవ్వ కావలసిన పని లేదు. వాకిట్లో నిలబడి ఎంతసేపు చూస్తేనేం, నకాశాయన అవ్వ చెయ్యిని పటంలోకి తీసుకుపోలేదేమో. ఇన్నేళ్లు ఒక్క బొమ్మను నమ్ముకున్న మనిషి ముందు ఆ సంగతి ఊరంతటికీ విప్పి చూపించాను. ఏడుపొచ్చింది.

ఇంటికొచ్చాం. తాత కొత్త పటం బట్టకు మగ్గం సిద్ధం చేసుకుంటున్నాడు. అవ్వ దాని కండెలు ముందరేసుకుని రాట్నం దగ్గర కూర్చుంది. నేను వెళ్లి పక్కన కూర్చున్నాను. చక్రం తిరుగుతోంది, ఎడమచేత్తోనే. ఆమె తిట్టినా బాగుండునని ఉంది నాకు.

చక్రం ఆపి, "అయితే గా పులి మీది అయ్య గూడ నా లెక్కనేనా?" అంది.

"నీ లెక్కనే, అవ్వా."

"గా భటులు?"

"అటు తిరిగినోళ్లంత."

అవ్వ చక్రాన్ని ఎడమచేత్తో ఒక్క చుట్టు తిప్పింది. తర్వాత మెల్లగా, కడుపులోంచి వచ్చినట్టు, నవ్వడం మొదలుపెట్టింది. తాత మగ్గం మీద నుంచి తల తిప్పి, ఏమైందే నీకు అన్నాడు. అవ్వ నాకు చెప్పింది.

"మా అత్త దీని ముందటి పటం ఎన్నిసార్లు చూసెనో. అండ్ల గూడ గా అయ్య గిట్లనే. గా అయ్యకు మొక్కొచ్చి, నా చెయ్యికి గుడ్డ గట్టింది."

నవ్వుతూనే అంది. కండ్లలో నీళ్లు కూడా ఉన్నాయి. తాత బీడీ ముట్టించుకుందామని తీసి, మళ్లీ పెట్టేసుకున్నాడు.

మర్నాటి నుంచి అవ్వ పటాన్ని చూసే తీరే మారిపోయింది. మూలనున్న ఆమె కోసం కాదు, పటమంతా చూసింది. ఎవరెటు తిరిగారో నన్ను అడిగి తెలుసుకునేది. ఎడమచేతివాడు ఒకడు దొరికితే మోచేత్తో నన్ను పొడిచేది. పారిపోయేటప్పుడు రాక్షసుడు కూడా అటు తిరిగినవాడేనని నేను గుర్తుచేస్తే, వాడు మనకెందుకు, పోనీ అంది.

ఆఖరి రోజు మంగళహారతి. దానికని పటాన్ని మళ్లీ పులి బొమ్మ దగ్గరికి తెచ్చి నిలిపారు. కథ పూర్తయ్యాక ఆడవాళ్లు ఒక్కొక్కరే వచ్చి పటానికి కుంకుమ బొట్టు పెడతారు. ఈ పటానికి ఇక అదే ఆఖరు బొట్టు. మా ఇంటి వంతు రాగానే అమ్మ అలవాటుగా ముందుకు కదిలింది. అవ్వ ఆమె భుజంమీద చెయ్యేసి ఆపింది. తనే వెళ్లింది. పళ్లెంలో కుంకుమను ఎడమచేతి వేలితో తీసుకుంది. కులపెద్ద చూస్తూనే ఉన్నాడు. ఏమనగలడు, ఎదురుగా పులిమీద ఆయన నారి గుంజుకుని కూర్చున్నాడు. పెద్దాయన పళ్లెం కొంచెం ముందుకు వంచి పట్టుకున్నాడు. అవ్వ పటం అంచున బొట్టు పెట్టింది. గుండ్రంగా, అచ్చు పోసినట్టు పడింది.

కొత్త పటం మా ఊరికి వచ్చేసరికి అరవైలు వచ్చేశాయి. నాకు పెండ్లయింది. అవ్వ లేదు. కూనపులివాళ్లు వచ్చారని తెలిసి, అత్తగారింట్లో చెప్పుకుని, బస్సెక్కి వచ్చాను. పెద్దాయన కూడా లేడు, ఆయన తమ్ముడే గజ్జెలు కట్టాడు. రంగులు కండ్లకు కొట్టేటట్టున్నాయి. ఆడవాళ్లు అప్పుడే అంచుల గురించి వాదించుకుంటున్నారు. నూలు బొమ్మ విప్పారు. మూలన ఆమె ఉంది, ఎడమచెయ్యి చక్రం మీద. ముక్కు ఉంది, ముక్కుపుల్ల ఉంది, మా అవ్వ మొఖం కాదు. ఆ రంగుల కింద ఉన్నది తాత నేసిన బట్ట. దానికి కండెలు చుట్టింది అవ్వే.

హారతి వేళ నా వంతు వచ్చింది. నాది కుడిచేతి వాటమే. అయినా కుంకుమ ఎడమచేతి వేలితో తీసుకున్నాను. అవ్వ పెట్టినట్టు రాలేదు, బొట్టు వంకర పోయింది.